అలెండ్రోనేట్ 70: వారానికో మాత్ర, ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఈ మాత్ర పనిచేస్తుంది, మింగాల్సినట్టు మింగితే. మోకాళ్ల నొప్పి తగ్గుతుందని మొదలుపెడితే మాత్రం రెండో నెలకే విసుగొస్తుంది. ఇది నొప్పి మందు కాదు. వేసుకున్న వారానికీ వేసుకోని వారానికీ ఒంట్లో తేడా తెలియదు. చాలామంది ఏడాది తిరక్కుండా మానేసేది అందుకే.

మాత్రలో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదీ పరగడుపున మంచినీళ్లతో వేసుకుంటేనే. కాఫీతో మింగితే ఆ కాస్తలోనూ సగానికి పైగా పోతుంది. డికాక్షన్ వాసన తగిలితే గానీ తెల్లారని చెన్నై ఇళ్లలో ఇదే అసలు పరీక్ష. నీళ్ల సంగతీ చూసుకోవాలి. ఇక్కడి బోరు నీళ్లు గట్టివి. వాటిలోని కాల్షియం మందును పట్టేసుకుంటుంది కాబట్టి ఆర్వో నీళ్లో, క్యాన్ నీళ్లో వాడటం మేలు. నిండు గ్లాసు, అంటే 200 మి.లీ. తాగాలి. ఒక గుక్కతో సరిపెడితే మాత్ర అన్నవాహికకు అంటుకుని పుండు చేస్తుంది. తర్వాత అరగంట నడుం వాల్చకూడదు. కూర్చోవచ్చు, తిరగొచ్చు, మొక్కలకు నీళ్లు పోయొచ్చు. వంగి ముగ్గు వేయడం ఆ తర్వాతే. నమలడం, చప్పరించడం, రాత్రి పడుకోబోతూ వేసుకోవడం అసలు కూడదు.

థైరాయిడ్ మాత్ర కూడా ఉన్నవాళ్లకు చిక్కు ఎక్కువ, ఎందుకంటే రెండూ పరగడుపువే. ఎక్కువమందికి కుదిరే పద్ధతి ఇది: ఆ ఒక్క రోజు లేవగానే అలెండ్రోనేట్, అరగంటకు థైరాక్సిన్, ఇంకో అరగంట నుంచి గంట ఆగి కాఫీ. కాల్షియం మాత్రను మధ్యాహ్నం అన్నంలోకో రాత్రి భోజనంలోకో తోసేయాలి. థైరాక్సిన్‌కీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వారం మర్చిపోతే మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ మామూలు రోజుకు రావాలి. ఒకే రోజు రెండు వద్దు. ఆదివారం పెట్టుకోకండి, టిఫిన్ వేళకి చుట్టాలొస్తారు. మంగళ, బుధవారాలు నయం.

పనిచేస్తోందా లేదా అన్నది ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో తెలియడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అంతకంటే ముందే, మూడు నుంచి ఆరు నెలల్లో, ఎముక ఎంత వేగంగా కరుగుతోందో చూపే, పరగడుపున చేసే సీటీఎక్స్ రక్తపరీక్ష చెబుతుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి చేయించుకుని ఉంటేనే పోల్చుకోవచ్చు. అది తగ్గలేదంటే మాత్ర పట్టడం లేదన్నమాట, ముందు కాఫీని అనుమానించండి. డెక్సా ఎప్పుడూ అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద చేయించాలి. టీ-స్కోరు (వయసులో ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోల్చి ఇచ్చే అంకె) కాదు, చదరపు సెంటీమీటరుకు గ్రాముల లెక్క పోల్చాలి. ఒకటి రెండు శాతం తేడా మెషీన్ తేడాయే కావచ్చు. పెద్ద వయసులో వెన్నుపూసల అరుగుదల వల్ల నడుం దగ్గర సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది, తుంటి అంకె నమ్మదగింది. అపార్ట్‌మెంట్ క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే మెషీన్ చీటీతో మాత్రం ఏ మందూ మొదలుపెట్టొద్దు.

ఇక ఎవరికి అవసరం? 1990లలో ఈ మందు మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో, అప్పటికే వెన్నుపూస విరిగిన మహిళల్లో మూడేళ్లలో కొత్తగా వెన్నుపూస విరిగినవారు మందు లేకుండా నూటికి 15 మంది, మందుతో 8 మంది. తుంటి విరగడం నూటికి 2.2 నుంచి 1.1కి దిగింది. అదే ట్రయల్ రెండో భాగంలో, అంతకుముందు వెన్నుపూస విరగనివాళ్లకు, తుంటి టీ-స్కోరు -2.5 గానీ అంతకు కింద గానీ ఉంటేనే లాభం స్పష్టంగా కనిపించింది. నా లెక్కలో ఇదే కీలకం. పడగానే మణికట్టో వెన్నో విరిగినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, తల్లికో తండ్రికో తుంటి విరిగినవాళ్లు మందును వాయిదా వేయకూడదు. యాభై అయిదేళ్లకు టీ-స్కోరు -1.8 వచ్చి, వేరే ముప్పు లేనివాళ్లు కంగారు పడి మొదలుపెట్టనక్కర్లేదు. పదేళ్లలో ఎముక విరిగే అవకాశం ఎంతో చెప్పే ఫ్రాక్స్ లెక్కలో భారతదేశం ఎంపిక ఉంది, డాక్టరు ముందే వేయించుకోవచ్చు. పొడవు కూడా కొలవండి. వయసులో ఉన్నప్పటికన్నా 4 సెం.మీ. తగ్గితే వెన్ను ఎక్స్‌రే తీయించాలి, చాలా వెన్నుపూసలు చప్పుడు లేకుండానే నలిగిపోతాయి.

భయాల విషయానికొస్తే, దవడ ఎముక దెబ్బతినడం చాలా అరుదు. పన్ను పీకించే పనుంటే మందుకు ముందే కానివ్వండి. తొడ ఎముక మధ్యలో విచిత్రంగా విరగడం గురించి మాత్రం మనవాళ్లు చదివి తెలుసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో చేసిన, 2020లో వచ్చిన అధ్యయనంలో మూడేళ్ల వాడకానికి పదివేల మంది ఆసియా మహిళల్లో 91 మందికి తుంటి విరగడం తప్పితే, 8 మందికి తొడ ఇలా విరిగింది. తెల్లవాళ్లలో ఆ అంకెలు 149, 2. లాభమే ఎక్కువ, కానీ తేడా చిన్నది కాదు. తొడలోనో గజ్జల్లోనో వారాల తరబడి మొండి నొప్పి ఉంటే సయాటికా అని సరిపెట్టుకోకుండా రెండు తొడలూ ఎక్స్‌రే తీయించాలి. వాడకం పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది, ఆపాక త్వరగానే తగ్గుతుంది. అందుకే అయిదేళ్లయ్యాక ఆపాలా అన్న ప్రశ్న డాక్టరును మీరే అడగండి, చీటీ దానంతటది తిరగరాసుకుంటూ పోతుంది. ఎముకలో చేరిన మందు ఆపిన తర్వాతా కొన్నేళ్లు పనిచేస్తుంది. వెన్ను విరిగినవాళ్లు, తుంటి ఇంకా -2.5 కిందే ఉన్నవాళ్లు మామూలుగా కొనసాగిస్తారు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కన్నా తక్కువైతే ఈ మందు వాడరు.

"మందొద్దు, నడుస్తాను" అనేవాళ్లు మైలాపూరు నాగేశ్వరరావు పార్కులో రోజూ కనిపిస్తారు. నడక గుండెకు మంచిది, ఎముక సాంద్రతను పెద్దగా పెంచదు. బరువులెత్తడం వేరు. ఆస్ట్రేలియాలో ఒక ట్రయల్‌లో వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, పర్యవేక్షణలో గట్టి బరువులు ఎత్తినవాళ్లకు ఎనిమిది నెలల్లో నడుం సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఎత్తనివాళ్లకు 1.2 శాతం తగ్గింది. పర్యవేక్షణ అన్న మాట దాటేయొద్దు. వెన్ను బలహీనంగా ఉన్నవాళ్లు పశ్చిమోత్తానాసనంలాంటి ముందుకు వంగే ఆసనాలు మానాలి, వెన్నుపూస ముందు భాగం నలిగేది అలాగే. ఉదయం ఆరింటి ఎండతో విటమిన్ డి దాదాపు రాదు. పక్కనే తిరుపతిలో చేసిన కొలతల్లో పనికొచ్చే వేళ 11 నుంచి 2 గంటల దాకా అని తేలింది.

కాల్షియం లెక్క సులువు. నెలసరి ఆగిన మహిళలకు రోజుకు 1200 మి.గ్రా. కావాలి. రెండు గ్లాసుల పాలు 480, గిన్నెడు పెరుగు 200, రాగులు 50 గ్రాములు 180. తోటకూరో మునగాకో ఉంటే ఇంకొంచెం. మిగతాదానికి 500 మాత్ర ఒకటి చాలు, రెండు అనవసరం. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి ఎనిమిది వారాలని రాస్తే, ఏళ్లపాటు మింగుతూ పోవద్దు. ఆస్ట్రేలియాలోనే ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలూ, విరగడాలూ పెరిగాయి.

మనం జారిపడకుండా ఈ మాత్ర ఆపదు. బాత్రూంలో గోడకు బోల్టులు దిగగొట్టిన పట్టుకమ్మీ పెట్టించండి, రబ్బరు కప్పుతో అతికించేవి బరువు పడితే ఊడతాయి. రాత్రి నిద్రమాత్ర, లేవగానే కళ్లు తిరిగే బీపీ మాత్ర ఉంటే డాక్టరుకు చెప్పండి.

కడుపులో మంట వల్ల ఈ మాత్ర పడనివాళ్లకు ఏడాదికోసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ 5 మి.గ్రా. డ్రిప్ ఉంది. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే, పారాసిటమాల్ చాలు. ఆర్నెల్లకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ తేలికే గానీ తేదీ తప్పకూడదు. ఏడో నెల దాటనిస్తే ఎముక ఒక్కసారిగా కరిగి, ఒకటికి మించి వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి. పిల్లల దగ్గరికి ఆర్నెల్లు అమెరికా వెళ్లేవాళ్లు తేదీ అక్కడ పడుతుందేమో టికెట్ కొనేముందే చూసుకోవాలి. అలా పడేటట్లయితే ఏడాది డ్రిప్పే నయమేమో డాక్టరుతో మాట్లాడండి.