లేఖా, ఖండనా, కోర్టా? జిల్లా పేజీతో పేచీ వస్తే ఏది మేలు?

మీ ఊరి చెరువు ఆక్రమణ మీద జిల్లా పేజీలో వార్త వచ్చింది. అవతలి పక్షం చెప్పిందంతా అచ్చయింది, మీ వివరణ అడిగినవారు లేరు. పాఠకుల లేఖల శీర్షికకు రాయవచ్చు. సంపాదకుడికి ఖండన పంపి, ఆయన పట్టించుకోకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్ళవచ్చు. లేదా కోర్టుకెక్కవచ్చు. చాలామంది మొదటి దారిలోనే విసిగిపోతారు, కోపం ఎక్కువున్నవారు నేరుగా మూడో దారి పడతారు. నా ఓటు మధ్యదానికి.

వీధి దీపాలు, రాని బస్సు, గుంతల రోడ్డు గురించైతే లేఖల శీర్షికను మించింది లేదు. పత్రికతోనే పేచీ అయినప్పుడు మాత్రం అది బలహీనమైన చోటు. వచ్చిన లేఖలన్నీ వేయాలన్న నియమం లేదు, కుదించే స్వేచ్ఛ కూడా సంపాదకుడిదే. ప్రెస్ కౌన్సిల్ ప్రమాణాలు ఆ స్వేచ్ఛను ఒప్పుకుంటూనే, వివాదం మీద లేఖలు వేస్తే రెండు పక్షాలకూ న్యాయంగా చోటివ్వడానికి నిజాయతీగా ప్రయత్నించాలని అంటాయి. మంచి మాటే. కానీ వేయని లేఖల లెక్క బయటి మనిషికి తెలిసేదెలా? ఏ పత్రిక ఎవరి పక్షమో మొదటి పేజీ చూసి చెప్పగల తెలుగు పాఠకులకు ఈ అనుమానం కొత్త కాదు.

మన జవాబు వేసి తీరాలని పత్రికను బలవంతపెట్టే హక్కు ఉందా? ఫ్రాన్స్‌లో ఉంది. 1881 నాటి చట్టం ప్రకారం, వార్తలో పేరెత్తిన మనిషి జవాబు పంపితే దినపత్రిక మూడు రోజుల్లో, అదే చోట, అదే అక్షరాల్లో వేయాలి. అమెరికాలో ఫ్లోరిడా పెట్టుకున్న ఇలాంటి చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1974లో ఏకగ్రీవంగా కొట్టేసింది.

మన దగ్గర చెప్పుకోదగ్గది మనూభాయ్ షా కేసు. ఎల్ఐసీ పాలసీదారులకు అన్యాయం చేస్తోందని అహ్మదాబాద్‌కు చెందిన ఈ వినియోగదారుల నాయకుడు రాశారు. ఎల్ఐసీ వైపు జవాబు, దానికి షా ప్రతిజవాబు రెండూ ‘ది హిందూ’లో వచ్చాయి. ఆ తర్వాత ఎల్ఐసీ తన జవాబును మాత్రం సొంత పత్రిక ‘యోగక్షేమ’లో వేసుకుని, షా మాటకు చోటివ్వలేదు. ఇది మా సంస్థ అంతర్గత పత్రిక అంది. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, షా జవాబు వేయాల్సిందేనంది. అయితే ఆ తీర్పుకు బలం ఎల్ఐసీ ప్రభుత్వ సంస్థ కావడంలో ఉంది. ప్రైవేటు దినపత్రిక మీద అది నేరుగా పనిచేయదు.

అందుకే ఖండన. దాన్ని సంపాదకుడి పేరున రాయాలి. ఆయన పేరూ, ఆఫీసు చిరునామా పత్రికలోనే అచ్చవుతాయి. వార్త తేదీ, పేజీ, శీర్షిక, తప్పున్న వాక్యం, దానికి మీ ఆధారం చాలు. ఒక పేజీ దాటితే ఎవరూ చదవరు. విలేకరిని తిట్టకండి, మిమ్మల్ని మండించిన ఆ శీర్షిక ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో పుట్టి ఉండవచ్చు. స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ముందు సంపాదకుడికి రాశారా అన్నది కౌన్సిల్ తప్పక చూస్తుంది. దినపత్రికలకు, వారపత్రికలకు గడువు వార్త అచ్చయిన నాటి నుంచి రెండు నెలలు. వార్త కత్తిరింపు జతచేయాలి, ఆ విషయం మీద కోర్టులో కేసు లేదని రాసివ్వాలి. లాయరు అక్కర్లేదు.

కౌన్సిల్ చేయగలిగిందీ తక్కువే. 1978 చట్టం కింద హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే, జరిమానా వేయలేదు. టీవీ చానళ్ళు దాని పరిధిలోకి రావు. అయితే విచారణ వివరాలను అదే పత్రికలో వేయమని కోరగలదు. పోయిన పేరు జిల్లా పేజీలోనే పోయింది కాబట్టి, అక్కడే నాలుగు వాక్యాలు రావడం జరిమానా కంటే విలువైనదని నా లెక్క.

కోర్టు సంగతి వేరు. సివిల్ పరువు నష్టం దావాకు ఏడాది గడువుంది. క్రిమినల్ కేసైతే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. కానీ వాయిదాలు భరించగలవారికే అది దారి. పత్రికలను భయపెట్టాలనుకునే డబ్బున్నవారు కూడా ఈ దారినే వాడుకుంటారు, అందుకే నాకు దాని మీద మోజు లేదు. ఉద్యోగమో వ్యాపారమో పోయేంత నష్టం జరిగి, పరిహారం కావాలంటే మాత్రం వెళ్ళక తప్పదు. కేసు వేశాక అదే విషయం మీద కౌన్సిల్‌కు వెళ్ళే వీలుండదు కాబట్టి, ఆ రెండు నెలల్లోనే ఏదో ఒకటి తేల్చుకోవాలి.