రెండు చిన్న స్పీకర్లా, వూఫర్ సెట్టా, బ్లూటూతా? రెండు వేలలోపు ఏది మేలు?

మా ఇంట్లో కంప్యూటర్ బల్ల ఒక్కటే. పొద్దున అమ్మ ప్రవచనం వింటుంది, పగలు అబ్బాయి ఆన్‌లైన్ క్లాసు, రాత్రి నా పాటలు. ఈ ముగ్గురి కోసం మూడు రకాల స్పీకర్లూ ఆ బల్లెక్కాయి. రెండు వేలలోపు కొనేవాళ్లకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట కొన్నది 2.1 సెట్టు, అంటే రెండు చిన్న స్పీకర్లు, బల్ల కింద ఒక వూఫర్, అంటే బేస్ (కింది స్వరాలు) పలికే పెద్ద స్పీకర్. షాపులో దడదడలాడించి వినిపిస్తే మురిసిపోయాను. ఇంటికి తెచ్చిన మర్నాడే అమ్మ అంది, "ఆయన గొంతు బావిలోంచి వస్తున్నట్టుందిరా, ఒక్క మాటా తెలియట్లేదు" అని. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మగవాళ్ల గొంతులో మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. చవక సెట్లలో పక్క స్పీకర్లు మరీ చిన్నవి కాబట్టి ఆ కింది స్వరాలన్నీ వూఫర్ మీదే పడతాయి. దాంతో గొంతులో సగం బల్ల మీద, సగం బల్ల కింద పలుకుతుంది. వూఫర్‌ను గోడ మూలకి నెట్టి పెడితే ఆ గుమగుమ ఇంకా పెరుగుతుంది. మూల నుంచి జానెడు దూరం జరిపి, బేస్ నాబ్ బాగా తగ్గించాక కొంత నయమైంది. కానీ బేస్ తగ్గించి వినేటట్టయితే వూఫర్‌కి డబ్బు పెట్టడం దేనికి?

తర్వాత యూఎస్‌బీతో నడిచే చిన్న జంట తెచ్చాను. ప్రవచనం, క్లాసు రెండూ స్పష్టంగా వినిపించాయి. పాటల్లో మాత్రం లోటు తెలుస్తుంది. మృదంగం వింటే కుడిచేతి దెబ్బలు చక్కగా వస్తాయి, ఎడమచేతి గుమ్కీ, అంటే ఆ గుమ్మనే మంద్రనాదం, సగమే వస్తుంది. స్పీకర్ లోపల అదిరే రెండంగుళాల కోన్ అంతకన్నా గాలిని కదపలేదు. నా మటుకు ఆ లోటు భరించొచ్చు, మాట అర్థం కాకపోవడం మాత్రం భరించలేను.

బ్లూటూత్ స్పీకర్ గురించి ఎక్కువ చెప్పను. ఫోనుకి అది మంచిది. కంప్యూటర్‌కి కడితే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, గేమ్ ఆడేటప్పుడు అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. క్లాసు మధ్యలో చార్జింగ్ అయిపోవడం ఇంకో బాధ. పైగా చాలావాటిలో కుడి ఎడమల తేడా ఉండదు. ఘంటసాల గారి కాలం పాటలు చాలావరకు మోనోలోనే, అంటే కుడి ఎడమల తేడా లేకుండానే రికార్డయ్యాయి కాబట్టి అవే వినేవాళ్లకి ఈ చివరిది లోటే కాదు.

కొనేటప్పుడు అట్ట మీద వాట్లు చూసి మోసపోకండి. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం) అని వేలల్లో రాసింది లెక్కలోకి రాదు, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) అంకె చూడండి. లాజిటెక్ జెడ్120 జంటకి అది 1.2 వాట్లు, వూఫర్ ఉన్న జెడ్213కి 7 వాట్లు. చూడ్డానికి చిన్న అంకెలే, కానీ అవి నిజమైన అంకెలు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. ఆ పోర్టుతోనే నడిచే స్పీకర్ మీద 20 వాట్లు అని రాసుంటే నమ్మకండి. వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి అది కొంచెం తేడాగానే తెలుస్తుంది.

కొత్తది కొనే ముందు పాతదాని జబ్బేంటో చూడండి. చాలాసార్లు స్పీకర్ బాగానే ఉంటుంది. మానిటర్‌ని హెచ్‌డీఎంఐతో కలిపాక శబ్దం పోయిందంటే, విండోస్ ఆ మానిటర్‌నే స్పీకర్ అనుకుంటోందన్నమాట. కింద టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మీ స్పీకర్లు ఎంచుకుంటే సరిపోతుంది. ఒక పక్కే మోగుతుంటే జాక్ తీసి ఫోన్‌కో వేరే కంప్యూటర్‌కో పెట్టి చూడండి. అక్కడ రెండూ మోగితే తప్పు మీ కంప్యూటర్ సాకెట్టుదో, సెట్టింగుల్లో బ్యాలెన్సుదో. నాబ్ తిప్పితే గరగరమంటే లోపల దుమ్ము చేరినట్టు. స్విచ్చాపేసి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవైసార్లు తిప్పితే చాలావరకు పోతుంది.

హమ్మింగ్ సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే ఆగిపోతే అది ఎర్త్ తంటా. ల్యాప్‌టాప్‌నీ స్పీకర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ విరగ్గొట్టకండి, షాక్ కొడితే ప్రాణానికే ముప్పు. యూఎస్‌బీ స్పీకర్‌లో మౌస్ కదిపినప్పుడల్లా కీచుమంటే, దాని యూఎస్‌బీ తీగని ల్యాప్‌టాప్‌కి బదులు మొబైల్ చార్జర్‌కి పెట్టి, జాక్ మాత్రం ల్యాప్‌టాప్‌కి ఉంచండి. జాక్ లేకుండా ఒక్క యూఎస్‌బీ తీగతోనే నడిచే రకానికి ఈ చిట్కా పనిచేయదు, శబ్దం కూడా ఆ తీగలోనే వస్తుంది. ఆడియో తీగ పీకేసి, వాల్యూమ్ సున్నా పెట్టినా హమ్మింగ్ ఆగకపోతే రోగం లోపలే ఉంది. మా వూఫర్‌కి మూడో ఏట అదే వచ్చింది. మెకానిక్ విప్పి చూపించాడు, పవర్ సప్లైలో కెపాసిటర్ ఉబ్బిపోయి ఉంది. అది మార్చాక మళ్లీ కొత్తదానిలా నిశ్శబ్దమైపోయింది.

మాటలు వినడమే ఎక్కువైతే చిన్న జంటే మేలు. సినిమాలు, డీజే పాటలే ప్రాణమైతే, కింది అంతస్తులో ఎవరూ లేకపోతే వూఫర్ తీసుకోండి. మా వూఫర్ ఇప్పుడు హాల్లో టీవీ దగ్గరుంది. బల్ల మీది చిన్న జంట అమ్మదే, వాటి కిందో పుస్తకం పెట్టి చెవి ఎత్తుకి లేపి తనే సర్దుకుంది.