అమ్మను వెంటపెట్టుకుని బ్యాంకాక్

బ్యాంకాక్ వెళ్తున్నామని చెప్పగానే చుట్టాల్లో సగం మంది అడిగిన మాట ఒక్కటే. "పెద్దావిడని అక్కడ ఎక్కడ తిప్పుతావే?" అమ్మకి అరవై ఏడేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మాంసం సంగతి అటుంచి, గుడ్డు కూడా ముట్టదు. జూన్ మొదటి వారంలో, బడులు తెరవకముందే, అమ్మ, మా ఆయన, పదకొండేళ్ళ మా పాప, నేను హైదరాబాద్ నుంచి బయలుదేరి ఐదు రాత్రులు ఉండి వచ్చాం. అమ్మ ఇప్పుడు మళ్ళీ వెళ్దామంటోంది. మొదటి రెండు రోజుల్లాగే మిగతావీ సాగుంటే ఆ మాట అనేది కాదు. మూడో రోజున బస మార్చాక ఊరే మారిపోయినట్టయింది. అందుకే ముందు బస సంగతి చెప్తాను.

మొదట బుక్ చేసిన హోటల్ సుఖుమ్‌విట్ వైపు. ఫోటోల్లో పెద్ద గది, పైన స్విమ్మింగ్ పూల్, టిఫిన్‌తో కలిపి చవక. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక అని రాశారు. అక్కడ సందుని సోయ్ అంటారు. మన సందుల్లా నాలుగు ఇళ్ళతో అయిపోదు, కొన్ని సోయ్‌లు కిలోమీటరు పైనే సాగుతాయి. మాది ఆ చివర. సరైన ఫుట్‌పాత్ లేదు, పక్కనుంచి మోటార్ సైకిళ్ళు రాసుకుంటూ పోతున్నాయి, పైన ఉక్కపోత. ఆ పది నిమిషాల నడక అమ్మకి పాతిక నిమిషాలు పట్టింది. మధ్యలో రెండు చోట్ల కూర్చోబెట్టాను. సాయంత్రం టాక్సీ ఎక్కితే మూడు కిలోమీటర్లకి ముప్పావు గంట. రెండో రాత్రి అమ్మ "రేపు మీరు వెళ్ళిరండి, నేను గదిలోనే ఉంటాలే" అంది. ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున ఒక రాత్రి డబ్బు వదులుకుని నది ఒడ్డున సఫాన్ తాక్సిన్ దగ్గరికి మారాం.

అక్కడ గది చిన్నది, పూల్ లేదు, రాత్రికి ఏడెనిమిది వందల రూపాయలు ఎక్కువే. కానీ గేటు దాటితే మూడు నిమిషాల్లో బీటీఎస్ స్కైట్రైన్ స్టేషన్, దాని కిందే సాథోర్న్ పడవల రేవు. ఎండలో నడక అంటే ఆ మూడు నిమిషాలే. అప్పటినుంచి అమ్మ ఒక్క పూట కూడా గదిలో ఉంటానని అనలేదు. హోటల్ వెతికేటప్పుడు నక్షత్రాలూ టిఫినూ తర్వాత చూడండి. ముందు మ్యాప్ తెరిచి, హోటల్ గుమ్మం నుంచి స్టేషన్ మెట్ల దాకా ఎంత దూరమో కొలవండి. పెద్దవాళ్ళుంటే మూడు వందల మీటర్లు దాటితే వద్దు.

మిగతా పేటలు కూడా తిరిగి చూశాం కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. అసోక్ దగ్గర బీటీఎస్, ఎంఆర్‌టీ మెట్రో రెండూ కలుస్తాయి. రాకపోకలకి అంతకన్నా మంచి చోటు లేదు. ఒక్క స్టేషన్ ఇటు, నానా దగ్గర, మన భోజనం దొరికే హోటళ్ళు చాలా ఉన్నాయి గానీ రాత్రి బార్ల సందడి మధ్య పిల్లతో నడవడం నాకు ఇష్టం లేకపోయింది. ప్రతునామ్ బట్టల షాపింగ్‌కి బావుంటుంది, మనవాళ్ళు ఎక్కువగా దిగేదీ అక్కడే, కాకపోతే ట్రాఫిక్ భయంకరం. ఖావో సాన్ కుర్రవాళ్ళ పేట. రైలు దగ్గర్లో లేదు, రాత్రంతా పాటలు.

ప్రయాణానికి ముందు పనులు రెండే. మేం వెళ్ళినప్పుడు మన పాస్‌పోర్ట్‌కి 60 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కనుక టికెట్లు కొనే ముందు ఎంబసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి. రెండోది 2025 మే 1 నుంచి వచ్చిన డిజిటల్ అరైవల్ కార్డు, టీడీఏసీ. దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. పూర్తిగా ఉచితం. ఏ సైటైనా డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వానిది కాదని అర్థం.

సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు తీసుకునే చోట డబ్బు మార్చకండి. కింద బేస్‌మెంట్‌లో, రైలు ఎక్కే దగ్గరి కౌంటర్లలో రేటు మెరుగు. మాకు బాట్ రెండున్నర రూపాయల పైచిలుకు పడింది. ఏటీఎంలో తీస్తే తీసిన ప్రతిసారీ 220 బాట్‌లు ఛార్జీ కట్ అయింది. ఆ రైలు ఊళ్ళోకి, ఫయా థాయ్ దాకా, 45 బాట్‌లే. ఇద్దరైతే అదే మేలు. నలుగురు, నాలుగు పెట్టెలు అయితే కింది అంతస్తులో మెషీన్ దగ్గర చీటీ తీసుకుని టాక్సీ ఎక్కడం సుఖం. మీటర్ 35 దగ్గర మొదలవుతుంది, పైన ఎయిర్‌పోర్ట్ ఛార్జీ 50, టోల్ మనదే. ఊళ్ళో గుళ్ళ దగ్గర ఆగి ఉండే టాక్సీలు మాత్రం మీటర్ వేయనంటాయి. బేరాలాడి టెన్షన్ పడేకన్నా యాప్‌లో పిలుచుకోండి. ఎంఆర్‌టీలో గేటు దగ్గర మన వీసా, మాస్టర్‌కార్డ్ ట్యాప్ చేస్తే చాలు, మనిషికో కార్డు ఉండాలి, అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి ఉంచాలి. కొన్ని స్టేషన్లలో ఎస్కలేటర్ పైకి మాత్రమే ఉంటుంది, దిగడానికి లిఫ్ట్ ఎటుందో అడగండి. మోకాళ్ళకి దిగడమే కష్టం కదా.

ఇక నది. చావో ఫ్రాయా మీద రోజంతా తిరిగే నారింజ జెండా పడవ ఎక్కితే ఎంత దూరమైనా 16 బాట్‌లు. రేవులోనే టూరిస్టుల కోసం నీలం జెండా పడవ టికెట్లు అమ్ముతారు, వాటి ధర చాలా ఎక్కువ, అదే నది, అవే గుళ్ళు. పడవ ఒడ్డుకి చేరేటప్పుడు వెనక నిలబడ్డ అతను ఈల వేస్తాడు. ఆ ఈలల లెక్కని బట్టే నడిపే అతను ముందుకీ వెనక్కీ జరుపుతాడు. పడవ పూర్తిగా ఆగదు, తాడు వేసిన ఆ కాసేపట్లోనే ఎక్కాలి. నేను అమ్మ చెయ్యి పట్టుకుని తడబడుతుంటే ఈల అతనే అమ్మ రెండో చెయ్యి పట్టుకుని లోపలికి దించాడు. టికెట్లిచ్చే ఆవిడ చేతిలో పొడుగాటి రేకు గొట్టం. దాన్ని గలగలలాడిస్తూ వస్తుంది, టికెట్ల చుట్టా చిల్లరా అందులోనే. మా పాప ఆ చప్పుడు ఇంటికొచ్చాక కూడా చేస్తోంది. వెనక భాగంలో భిక్షువుల కోసం చోటు వదిలేస్తారు, అక్కడ నిలబడకండి.

గ్రాండ్ ప్యాలెస్‌కి తా చాంగ్ రేవులో దిగాలి. దిగగానే, మంచి బట్టల్లో ఉన్న ఒకాయన ఎదురొచ్చి, ఈరోజు పూజలున్నాయి, మధ్యాహ్నం దాకా మూత, ఈలోపు ఆటోలో వేరే గుళ్ళు చూపిస్తానన్నాడు. అక్కడ ఏళ్ళ తరబడి జరుగుతున్న మోసం ఇది. ఆ ఆటో చివరికి నగల కొట్టు దగ్గర ఆగుతుంది. ఎవరేం చెప్పినా గేటు దాకా వెళ్ళి మీ కళ్ళతో చూసుకోండి. పొద్దున ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు. టికెట్ 500 బాట్‌లు. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. అమ్మ చీరకి ఏ అడ్డూ లేదు, మా ఆయన నిక్కరు మీద వచ్చి బయట ప్యాంటు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఐదు వందలు ఎక్కువనిపించినా ఇవ్వండి. లోపలి గుడిలో పచ్చ బుద్ధుడి విగ్రహం చూడ్డానికి చిన్నదే, 66 సెంటీమీటర్లు. ఏడాదికి మూడుసార్లు, రుతువు మారినప్పుడల్లా, రాజుగారే వస్త్రాలు మారుస్తారట. "మన స్వామికి అలంకారం మార్చినట్టే" అంది అమ్మ. కానీ ఆమెని కదలనివ్వనిది ఆ గుడి చుట్టూ ఉన్న వసారా. గోడ మీద 178 భాగాలుగా రామాయణం. అక్కడివాళ్ళు రామకియెన్ అంటారు. ఒకచోట కొండంత తెల్లటి హనుమంతుడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ నోట్లో ఒక బంగారు మండపం. నేను ఏమిటో అనుకుంటూ దాటిపోబోయాను. అమ్మ ఆగిపోయింది. "ఇది మైరావణుడి కథేనే! రాముణ్ణి ఎత్తుకుపోతాడని హనుమంతుడు కాపలా కాస్తున్నాడు. మనవాళ్ళు తోకతో కోట కట్టాడంటారు, వీళ్ళు నోట్లోనే దాచేశాడన్నారు" అని పాపని దగ్గరికి తీసుకుని అక్కడినుంచి కథ మొత్తం మొదలుపెట్టింది. గంటన్నర. మోకాళ్ళు గుర్తు రాలేదు. బోర్డుల మీద ఇంగ్లిష్‌లో పెద్దగా ఏమీ ఉండదు గనక గైడ్ కావాలంటారు. రామాయణం తెలిసిన అమ్మమ్మ ఉంటే గైడ్ అక్కర్లేదు.

అదే టికెట్‌లో సాలా చలెర్మ్‌క్రుంగ్ అనే థియేటర్‌లో ఖోన్ ప్రదర్శన కూడా కలిపి ఉంటుంది. ముఖాలకి మాస్కులు పెట్టుకుని ఆడే రామాయణం, అరగంట లోపే. పని దినాల్లోనే ఉంటుంది, ప్యాలెస్ దగ్గరినుంచి వాళ్ళ బండే తీసుకెళ్తుంది. చాలామంది ఆ సంగతి తెలియకే వచ్చేస్తారు. ఏసీలో కూర్చునే విశ్రాంతి కూడా దొరుకుతుంది.

వాట్ అంటే గుడి. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడు. వెనక గోడ వెంట 108 కంచు గిన్నెలు, చిల్లర తీసుకుని ఒక్కొక్క దాంట్లో ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్ళాలి. వాట్ అరుణ్ మెట్లు మరీ నిటారు. పెద్దవాళ్ళకి వద్దు. ఇవతలి ఒడ్డున, తా తియెన్ రేవు వైపునుంచి, పొద్దుగూకే వేళ చూస్తేనే అందం. సిలోమ్‌లో మారియమ్మన్ గుడి ఉంది, తమిళులు కట్టుకున్నది. శుక్రవారం సాయంత్రం అమ్మ అక్కడ దీపం పెట్టింది. చతుచక్ సంతకి శనివారం వెళ్ళి గంటలో తిరిగొచ్చేశాం. ఎండ, కిక్కిరిసిన సందులు. పిల్లలూ పెద్దలూ లేకుండా వెళ్ళే చోటు అది.

తిండి విషయంలో మొదటి రోజు దెబ్బ తిన్నాం. ఒక ఫుడ్ కోర్టులో "వెజిటబుల్" అని అడిగి కూరగాయల వేపుడు తెచ్చుకున్నాం. అమ్మ ఒక ముద్ద పెట్టుకుని, వాసన తేడాగా ఉందని పక్కన పెట్టేసింది. అందులో చేపల సాస్. కూరగాయలే వేసినా అది పడుతుంది, వాళ్ళకి అది ఉప్పుతో సమానం. అప్పుడు నేర్చుకున్న మాటలు రెండు. "మంగ్‌సవిరత్" అంటే శాకాహారం. అది మన మాంసవిరతే! అయితే అందులో గుడ్డు ఉండొచ్చు. అసలు మాట "జే". పసుపు జెండా మీద ఎర్రటి అక్షరం కనిపిస్తే అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. చైనాటౌన్‌లో అలాంటి కొట్టు దొరికింది. అట్టల్లాంటి సోయా ముక్కలు, ఆకుకూర, వేడన్నం. అమ్మ కడుపు నిండా తిన్నది అక్కడే, మూడుసార్లు వెళ్ళాం. మన భోజనమే కావాలంటే సామ్ యోత్ స్టేషన్లో దిగి మనవాళ్ళ పేట పహురత్‌కి నడవండి. రాత్రుళ్ళకి మేం కందిపొడి, ఆవకాయ, అన్నం వండే చిన్న కుక్కర్ పట్టుకెళ్ళాం. జూన్‌లో మాంగోస్టీన్ పళ్ళు కుప్పలుగా ఉంటాయి, తినకుండా రాకండి.

వానాకాలం కాబట్టి సాయంత్రం నాలుగింటికి దంచి కొట్టేది, గంటలో తెరిపిచ్చేది. గుళ్ళన్నీ పొద్దున్నే ముగించుకుని, ఆ వేళకి రైల్లోనో మాల్‌లోనో ఉండేలా చూసుకుంటే ఇబ్బంది లేదు.

తిరుగు ప్రయాణానికి ఒక గంట ముందే బయలుదేరండి. ఇమిగ్రేషన్ దాటాక లోపల పెద్ద శిల్పం ఉంటుంది, క్షీరసాగర మథనం. వాసుకిని చెరో పక్కా పట్టుకుని దేవతలూ రాక్షసులూ వరసగా నిలబడ్డారు. మేం క్యూలో ఆలస్యమై అక్కడికి చేరేసరికి బోర్డింగ్ మొదలైంది. అమ్మ ఒక వైపు వాళ్ళని మాత్రమే చూడగలిగింది.