రెండు యాప్‌లను ఒకే ఫ్లట్టర్ కోడ్‌లోకి మార్పిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మాది పాల పంపిణీ వ్యాపారం. కస్టమర్ యాప్ ఆండ్రాయిడ్‌కు కాట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఐఫోన్‌కు స్విఫ్ట్ అనే భాషలో విడివిడిగా ఉండేది. పాలు వేసే కుర్రాళ్లకు ఇంకో ఆండ్రాయిడ్ యాప్. ఏ చిన్న మార్పు కావాలన్నా అన్నిచోట్లా రాయించాలి, అందరికీ డబ్బులివ్వాలి. అందుకే ఒక ఏజెన్సీ వాళ్లు "మొత్తం ఫ్లట్టర్‌లో పెట్టేస్తాం, ఇక ఒకటే కోడ్, ఖర్చు సగం" అంటే ఒప్పుకున్నాం. ఫ్లట్టర్ అంటే ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ తయారుచేసే గూగుల్ సాధనం.

ఫ్లట్టర్ మంచిది కాదని నేను అనడం లేదు. 2018 డిసెంబర్‌లో గూగుల్ 1.0 విడుదల చేసినప్పటి నుంచి దాని మీద పెద్ద పెద్ద యాప్‌లే నడుస్తున్నాయి. మాకు దెబ్బ తగిలింది పాత యాప్ మీదికి కొత్తది అప్‌డేట్‌గా వచ్చినప్పుడు. డెమోలో ఇది బయటపడదు. డెమో ఫోన్‌లో పాత యాప్ ఉండదు కదా!

అప్‌డేట్ అయిన ఆండ్రాయిడ్ కస్టమర్లందరూ లాగౌట్ అయిపోయారు. పాత యాప్ లాగిన్ వివరాలను ఫోన్‌లో తన సొంత ఫైల్‌లో పెట్టుకునేది. ఫ్లట్టర్‌లో ఎక్కువమంది వాడే షేర్డ్ ప్రిఫరెన్సెస్ ప్లగిన్ (ఫోన్‌లో చిన్న చిన్న వివరాలు దాచే రెడీమేడ్ కోడ్) మామూలుగా వేరే ఫైల్‌లో వెతుకుతుంది, పైగా దాచే ప్రతి వివరం పేరు ముందూ "ఫ్లట్టర్." అని తగిలిస్తుంది. అంటే పాత లాగిన్ ఫోన్‌లోనే ఉంది, కొత్త యాప్‌కు మాత్రం కనిపించదు. దాన్ని చదివి కొత్త చోటికి చేర్చే కోడ్ విడిగా రాయాలి. వాళ్లు రాయలేదు. అందరూ ఒకేసారి ఓటీపీ కోసం నొక్కేసరికి ఎస్ఎంఎస్ బ్యాలెన్స్ అయిపోయింది. ఊరెళ్తున్నాం, రేపు పాలు వద్దని పెట్టాలి, యాప్ తెరుచుకోవట్లేదంటూ పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు.

కుర్రాళ్ల యాప్‌లో జరిగింది ఇంకా ఘోరం. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో సిగ్నల్ ఉండదు. అందుకని వేసిన ప్యాకెట్ల లెక్క ముందు ఫోన్‌లోని డేటాబేస్‌లో పడి, సిగ్నల్ దొరికాక సర్వర్‌కు వెళ్లేది. అప్‌డేట్ వచ్చేసరికి సర్వర్‌కు చేరని ఎంట్రీలు కొత్త యాప్ చదవని పాత డేటాబేస్‌లో చిక్కుకుపోయాయి. ఫోన్ చేస్తే ఏజెన్సీ సపోర్ట్ వాళ్లు చెప్పిన మాట: "అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోమనండి." పాపం, కుర్రాళ్లు అలాగే చేశారు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ డేటాబేస్ కూడా చెరిగిపోతుంది. అప్పటిదాకా తిరిగి తెచ్చుకోగలిగిన లెక్క ఆ ఒక్క సలహాతో పోయింది. నెలాఖరు బిల్లుల్లో తేడా మేమే భరించాం. చలిలో నాలుగింటికి లేచి పాలు వేసే పిల్లల జీతంలో కోత పెట్టడం అన్యాయం.

సరే, పాత యాప్‌కే వెళ్దామంటే ప్లే స్టోర్‌లో పాత వెర్షన్‌ను ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టడం కుదరదు. అదే కోడ్‌ను ఇంకా పెద్ద వెర్షన్ కోడ్‌తో (ప్రతి అప్‌డేట్‌కూ పెరగాల్సిన నంబర్) బిల్డ్ చేసి, అప్‌లోడ్ కీతో (అప్‌డేట్ మా దగ్గర్నుంచే వచ్చిందని ప్లే స్టోర్‌కు రుజువు చేసే డిజిటల్ తాళం) సైన్ చేసి పంపాలి. ఆ కీ ఏజెన్సీ దగ్గరుంది. మిగిలిన బ్యాలెన్స్ కడితేనే ఇస్తామన్నారు. స్టోర్‌లో యాప్‌లు పెట్టే ప్లే కన్సోల్ ఖాతా మా పేరు మీద ఉండి, యాప్ అసలు సైనింగ్ కీని గూగుల్ దగ్గరే ఉంచే ప్లే యాప్ సైనింగ్‌లో ఉన్నాం కాబట్టి కీ రీసెట్ చేయించుకోగలిగాం. ఖాతా కూడా వాళ్ల పేరు మీదే ఉండుంటే కొత్త ప్యాకేజీ పేరుతో (స్టోర్ యాప్‌ను గుర్తుపట్టే పేరు) కొత్త యాప్ పెట్టుకోవాల్సి వచ్చేది. రేటింగులు, రివ్యూలు, ఇన్‌స్టాల్స్ అన్నీ వదులుకుని సున్నా నుంచి మొదలు.

సగం ఖర్చన్న మాట కూడా నిలబడలేదు. బ్యాక్‌గ్రౌండ్ లొకేషన్, నోటిఫికేషన్ల దగ్గర ఆండ్రాయిడ్ తెలిసినవాళ్లు, ఐఫోన్ తెలిసినవాళ్లు మళ్లీ కావాల్సి వచ్చారు.

మీరు ఒప్పందం చేసుకుంటుంటే ఈ పరీక్షను అందులో రాయించండి. స్టోర్‌లో ఇప్పుడున్న మీ పాత యాప్‌ను ఒక చవక ఫోన్‌లో వేసి, లాగిన్ అయి, నెట్ ఆపేసి నాలుగు ఎంట్రీలు కొట్టాలి. దాని మీదే కొత్తది అప్‌డేట్ చేయాలి. లాగిన్ నిలబడి, ఆ నాలుగు ఎంట్రీలూ సర్వర్‌కు చేరాకే చివరి వాయిదా. విడుదల కూడా అందరికీ ఒకేసారి వద్దు. ప్లే స్టోర్‌లో ఎంత శాతం మందికి వెళ్లాలో మీరే పెట్టుకోవచ్చు. ఐఫోన్ యాప్ స్టోర్‌లో ఫేజ్డ్ రిలీజ్ ఎంచుకుంటే ఆటోమేటిక్ అప్‌డేట్లు మొదటి రోజు 1 శాతం మందికే వెళ్లి, 7 రోజుల్లో అందరికీ చేరతాయి. తేడా వస్తే రెండు చోట్లా మధ్యలో ఆపొచ్చు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ ఏజెన్సీ ఇలా మార్చిన ఇంకో వ్యాపారి నంబర్ తీసుకుని మీరే ఫోన్ చేయండి. స్క్రీన్లు ఎంత బాగున్నాయని కాదు, అప్‌డేట్ వచ్చిన రోజు మీ కస్టమర్లు మళ్లీ లాగిన్ అవ్వాల్సి వచ్చిందా అని అడగండి.