చిన్న అప్పు ముందా, పెద్ద వడ్డీ ముందా?

నాలుగైదు చోట్ల అప్పులున్నాయి. జీతం వచ్చాక ఇంటి ఖర్చులు పోను కొంత మిగిలింది. దాన్ని ఎవరికి ముందు కట్టాలి? డబ్బు మీద వచ్చే పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఈ ప్రశ్నకు దొరికేవి రెండే జవాబులు. ఒకటి అమెరికాలో డబ్బు సలహాలు చెప్పే డేవ్ రామ్సే ఊరూవాడా ప్రచారం చేసిన ‘స్నోబాల్’. వడ్డీ సంగతి పక్కన పెట్టి అన్నిటికంటే చిన్న బాకీని ముందు తీర్చెయ్యాలి, అక్కడ మిగిలిన డబ్బును ఆ పై బాకీకి మళ్లించాలి. రెండోది ‘అవలాంచ్’. బాకీ ఎంతైనా సరే, ఎక్కువ వడ్డీ గుంజేదాని మెడ ముందు పట్టుకోవాలి. రెండిట్లోనూ మిగతా అప్పులకు కనీసం కట్టాల్సింది కడుతూనే ఉండాలి.

రామ్సేకి లెక్కలు రాక ఈ మాట చెప్పలేదు. 1980ల్లో రియల్ ఎస్టేట్ అప్పుల్లో మునిగి దివాలా తీసిన మనిషి ఆయన. వడ్డీ లెక్క వేసుకునే అలవాటే ఉంటే ఇన్ని అప్పులు చేసేవాళ్లమా, ముందు ఒక్కటైనా తీర్చిన ధైర్యం రావాలి అన్నది ఆయన వాదన.

మాటలకేం గానీ, మన ఇళ్లలో కనిపించే అప్పులతోనే లెక్క కట్టి చూద్దాం. బంగారం మీద 40 వేలు, నూటికి రూపాయి వడ్డీ. క్రెడిట్ కార్డులో 90 వేలు, నెలకు 3.5 శాతం. ఊళ్లో నోటు రాసి తెచ్చిన లక్షన్నర, నూటికి రెండు. మొత్తం 2 లక్షల 80 వేలు. నెలకు 20 వేలు కట్టగలరు అనుకుందాం. కార్డు వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీని లెక్కలోకి తీసుకోలేదు.

చిన్నది ముందు అనుకుంటే, కార్డుకి నెలకు 5 వేలు, నోటుకి వడ్డీ 3 వేలు పోను మిగతా 12 వేలు బంగారానికి వెళ్తాయి. నాలుగో నెలలో నగ ఇంటికొస్తుంది. తొమ్మిదో నెలలో కార్డు తీరుతుంది. పద్దెనిమిదో నెలలో కాస్త చిల్లర కట్టి నోటు వెనక్కి తెచ్చుకుంటారు. మొత్తం వడ్డీ దాదాపు 61,800.

వడ్డీ ముందు అనుకుంటే, బంగారానికీ నోటుకీ వడ్డీ మాత్రం కట్టి మిగతా 16,600 కార్డుకి పోస్తారు. ఏడో నెల దాకా ఏ ఒక్కటీ తీరదు. ఏడులో కార్డు, పదిహేనులో నోటు, పదిహేడులో బంగారం. వడ్డీ దాదాపు 50,800.

తేడా 11 వేలు. చిన్న మొత్తమేం కాదు. కానీ మూడు నెలల ముందే ఒక అప్పు తీరిపోయిందన్న ఊరట కోసం కొందరు ఆ 11 వేలు ఇచ్చుకోవడానికీ సిద్ధపడతారు. పరిశోధకులు కూడా ఇక్కడే రెండు వైపులా నిలబడ్డారు. 2011లో డాన్ ఏరియలీ, ఆయన సహచరులు ప్రయోగాలు పెట్టి, మనుషులు చిన్న బాకీలు మూసేయాలన్న తపనలో ఎక్కువ వడ్డీ కట్టుకుంటున్నారని చూపించారు. వాళ్ల వ్యాసం వచ్చిన పరిశోధన పత్రికలోనే మరుసటి ఏడాది డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే ఇద్దరు ఒక రుణ పరిష్కార సంస్థ ఖాతాదారుల వివరాలు పరిశీలించి, ఖాతాలు ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చినవాళ్లే చివరిదాకా నిలబడి అప్పుల్లోంచి బయటపడే అవకాశం ఎక్కువని రాశారు. ఈ రెండోదాన్ని నేను కాస్త జాగ్రత్తగానే తీసుకుంటాను. చేతిలో నాలుగు డబ్బులు ఆడేవాళ్లే ఖాతాలు మూయగలిగి ఉండొచ్చు కదా.

ఇక్కడిదాకా పుస్తకాల గొడవ. మన దగ్గర అప్పుల జాబితా ఇంకోలా ఉంటుంది. రామ్సే పాఠకుడి జాబితాలో కార్డు, కారు లోను, చదువు లోను, ఆసుపత్రి బిల్లు ఉంటాయి. మన జాబితాలో మనుషులు ఉంటారు. బావమరిది దగ్గర తెచ్చిన 20 వేలు, ఆఫీసులో తోటివాడి దగ్గర చేబదులు తీసుకున్న 10 వేలు. వీటికి వడ్డీ లేదు కాబట్టి అవలాంచ్ లెక్కలో అట్టడుగున ఉండాలి. కాగితం మీద అదే సరి. కానీ ఆ బావమరిది ఇంట్లో శుభకార్యానికి మీరు ఏ ముఖం పెట్టుకుని వెళ్తారు? ఈ చిన్న చేబదుళ్లు ముందు తీర్చెయ్యాలన్నదే నా మాట. వడ్డీ రూపంలో కలిసొచ్చేది ఏమీ లేకపోవచ్చు. రేపు నిజంగా అవసరం పడితే మళ్లీ అడగగలిగే చోటు ఒకటి మిగులుతుంది.

నోటు అప్పుకి ఇంకో చిక్కుంది. నెలనెలా పది వేలు అసలులో జమ వేసుకోమంటే చాలామంది ఒప్పుకోరు. ‘అలా విడివిడిగా ఇస్తే ఖర్చయిపోతాయి, ఉన్నప్పుడు ఒకేసారి ఇద్దువుగానిలే’ అంటారు. వాళ్లకు కావలసింది నెలకు వచ్చే వడ్డీ. ఒప్పుకుంటే మాత్రం కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించి, అక్కడికక్కడే ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ డబ్బును విడిగా ఒక ఆర్డీలో వేసి పోగుచేయడం తప్ప దారి లేదు. ఆర్డీ వడ్డీ నోటు వడ్డీకి ఏ మూలకీ చాలదు కాబట్టి అవలాంచ్ లాభం కొంత అక్కడే కరిగిపోతుంది. పర్సనల్ లోన్లదీ ఇదే తంతు. ఈఎంఐకి మించి కడతానంటే కొన్ని చోట్ల మొదటి ఏడాది ఒప్పుకోరు, ఒప్పుకున్నా చార్జీ వేస్తారు. కార్డుకీ బంగారానికీ మాత్రం మామూలుగా ఈ గొడవ లేదు, ఎప్పుడు ఎంత ఉంటే అంత కట్టొచ్చు.

స్నోబాల్ నిజంగా గెలిచే చోటు కూడా ఒకటుంది. ఫోను ఈఎంఐ, ఫ్రిజ్ ఈఎంఐ, రెండు లోన్ యాప్‌లు, బండి లోను అంటూ ఐదారు చోట్ల, ఒక్కొక్కటి ఒక్కో తేదీన డబ్బు లాగుతుంటే, ఏదో ఒక నెల ఏదో ఒకటి బౌన్స్ అవుతుంది. అప్పిచ్చినవాడు ఒక చార్జీ వేస్తాడు, మీ బ్యాంకు ఇంకోటి వేస్తుంది. అలాంటప్పుడు చిన్నవి రెండు తీర్చేస్తే ఆ ఈఎంఐల డబ్బు ప్రతి నెలా చేతిలో మిగులుతుంది, బౌన్సులు ఆగుతాయి. ధైర్యం సంగతి తర్వాత, అది ఎలాగూ వస్తుంది.

అయితే ఈ రెండు పద్ధతుల వాదులాటలో అసలు సంగతి మరుగున పడుతోంది. ఊళ్లో నూటికి రెండు రూపాయలంటే ‘బాబోయ్’ అనేవాళ్లే కార్డుకి నూటికి మూడున్నర కడుతుంటారు. ఏడాదికి 42 శాతం. మరోపక్క బీరువాలో గాజులు ఉంటాయి. ఇందాకటి లెక్కలోనే మొదటి నెల ఇంకొంత బంగారం పెట్టి, అదే రూపాయి వడ్డీకి 90 వేలు తెచ్చి కార్డు మొత్తం కట్టేశారనుకోండి. ఆ తర్వాత నోటు, దాని తర్వాత బంగారం. అంతా పదహారో నెలకు తీరిపోతుంది, వడ్డీ దాదాపు 31,700. వరస మార్చితే మిగిలింది 11 వేలు, వడ్డీ రేటు మార్చితే దాని మీద ఇంకో 19 వేలు.

అప్పు తీర్చడానికి అప్పు చేయొద్దని రామ్సే గట్టిగా చెప్తాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. కార్డు ఖాళీ అవగానే దసరా ఆఫర్లలో మళ్లీ గీకితే, అప్పుడు కార్డు బాకీ, బ్యాంకులో గాజులు, రెండూ మోయాలి. కార్డు బ్లాక్ చేయించగలిగే మనిషికే ఈ దారి పనికొస్తుంది. బ్లాక్ చేయించలేని వాళ్లకు, వడ్డీ ఎక్కువే అయినా, స్నోబాలే క్షేమం. బాకీ ఉండగా కార్డు వాడటం ఎలాగూ నష్టమే. బిల్లు పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా కొన్న ప్రతి వస్తువు మీదా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

చీటీ పాడుకుని అన్నీ ఒకేసారి తీర్చేద్దాం అనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. పాటలో వదులుకున్న సొమ్ము, 7 శాతం దాకా ఉండే కంపెనీ కమీషను కలిపి వడ్డీగా లెక్క కట్టి చూసుకోండి. మొదటి నెలల్లో తెగించి పాడితే అది నోటు వడ్డీకి తక్కువేం ఉండదు.

మొత్తం మీద నా వరస ఇది: చేబదుళ్లు, కార్డుని బంగారంలోకి మార్చడం, ఆపైన నోటు, ఆఖరున బంగారం. ఇందులో ఒక్క చోట జాగ్రత్త పడాలి. వడ్డీ తక్కువని బంగారాన్ని చివరికి నెట్టాం, అంటే అది ఏడాది దాటి బ్యాంకులో ఉంటుంది. అసలు చివర్లో కట్టే బంగారు లోన్లకు గడువు సాధారణంగా పన్నెండు నెలలే. గడువు తేదీ రసీదు మీద ఉంటుంది. పదకొండో నెలలోనే బ్రాంచికి వెళ్లి, వడ్డీ కడితే తిరగరాస్తారా లేక మొత్తం కట్టి మళ్లీ పెట్టమంటారా అడగండి. రెండోదే అయితే ఆ ఒక్క రోజుకి లక్ష దాకా సర్దుబాటు చేసుకోవాలి. ఇందాక బాకీ తీర్చిన బావమరిదిని అప్పుడు అడగొచ్చు.