పిక్ లైన్: వెన్ను ఇన్ఫెక్షన్‌కు వారాల తరబడి ఇంజెక్షన్లు తప్పనివాళ్లకు

వెన్నులో వేసిన స్క్రూలు, రాడ్ల దగ్గర చీము పట్టి మళ్లీ ఆపరేషన్ అయినవాళ్లకు సాధారణంగా 6 వారాల పాటు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కిస్తారు. లోహం మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుంటుంది, ఆ పొరలోకి మందు సరిగా దిగదు. ఇన్ని వారాలు మామూలు కాన్యులాతో (చేతి నరంలో పెట్టే పొట్టి గొట్టం) నెట్టుకురమ్మని నేనెవరికీ చెప్పను. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి చేతి నరాలు వాచి గట్టిపడతాయి. పిక్ లైన్ అంటే చేతి నరం గుండా లోపలికి పంపే పొడవాటి సన్న గొట్టం. దాని కొస గుండె పైనున్న పెద్ద సిరలో ఉంటుంది కాబట్టి మందు అక్కడ వెంటనే పలచబడుతుంది.

ఏ చేతికి వేయించుకోవాలో ముందే ఆలోచించండి. నడుము తిప్పకుండా పక్కకు దొర్లి, మోచేతి మీద బరువు వేసి లేస్తాం కదా, ఆ చెయ్యి వద్దు. కర్రలు చంకలో నొక్కుతాయి, వాటికంటే వాకర్ మేలు. లైన్ ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి.

అసలు పనంతా ఫ్లష్‌లోనే, అంటే సెలైన్‌తో గొట్టం కడగడంలోనే ఉంది. మందుకు ముందూ తర్వాతా 10 మి.లీ. సెలైన్, అదీ 10 మి.లీ. సిరంజితోనే. చిన్న సిరంజి ఒత్తిడి ఎక్కువ, గొట్టం చీలిపోవచ్చు. ఆగి ఆగి నొక్కితే లోపల అంటుకున్నది కొట్టుకుపోతుంది. సెలైన్ వెళ్లకపోతే క్లాంప్ (గొట్టాన్ని మూసే క్లిప్) మూసి ఉందేమో, గొట్టం మడత పడిందేమో చూసుకోండి. అయినా కదలకపోతే బలవంతం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. సిరంజి తగిలించే ముందు గొట్టం చివరి క్యాప్‌ను స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. హడావిడిలో అందరూ ఎగ్గొట్టేది ఈ ఆరబెట్టడమే.

పారదర్శక డ్రెస్సింగ్ 7 రోజులకోసారి మార్చాలి. మన ఎండాకాలంలో చెమటకు అంచు ముందే లేస్తుంది, అప్పుడు గడువు దాకా ఆగకూడదు. బయట గొట్టం ఎన్ని సెంటీమీటర్లుందో రాసిపెట్టుకోండి. పొడవు పెరిగితే లోపలికి తోయవద్దు.

వాంకోమైసిన్ 1 గ్రాము ఎక్కడానికి కనీసం గంట పట్టాలి. త్వరగా అయిపోవాలని డ్రిప్ వేగం పెంచితే ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది. వారం వారం క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), రక్తంలో మందు స్థాయి, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ తెలిపే రక్తపరీక్ష) చూపించుకోవాలి. అలాంటిదే ఇంకో పరీక్ష ఈఎస్‌ఆర్ నిదానంగా దిగుతుంది, దాన్ని చూసి కంగారు వద్దు. తగ్గిన సీఆర్‌పీ మళ్లీ పెరిగితే మాత్రం సర్జన్‌కు చెప్పాలి.

లైన్ ఉన్న చెయ్యి వాచినా, నొప్పి పుట్టినా లోపల రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. ఫ్లష్ చేసిన కాసేపటికే చలి, వణుకు వస్తే లైన్‌కే ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లకు పిక్ మంచిది కాదు. రేపు డయాలసిస్ ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో సిరను ధమనితో కలిపే ఆపరేషన్) ఆ నరాలే కావాలి. కిడ్నీ డాక్టర్‌ను అడిగాకే వేయించుకోండి.