ఎస్పీ రోడ్డులో మోటారు: 10 హెచ్‌పీ అడిగితే 7.5 ఇచ్చారు

బెంగళూరు కామాక్షిపాళ్యలో మాది చిన్న కారప్పొడి, మసాలా యూనిట్. మూసేస్తున్నవాళ్ల దగ్గర మొత్తం సెటప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఒకే మోటారు, ఒక పొడుగాటి లైన్ షాఫ్టు, దాని మీద నుంచి కాయల్ని పొడి చేసే పల్వరైజర్‌కి, జల్లెడకి, దుమ్ము లాగే బ్లోయరుకి, ధనియాలు వేయించే డ్రమ్ముకి బెల్టులు. మదనపల్లె దగ్గర మా ఊరి పాత రైసుమిల్లులో కూడా అన్నీ ఒక్క మోటారు మీదే తిరిగేవి కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

దానికున్న 5 హెచ్‌పీ మోటారు మాత్రం ఏప్రిల్ నుంచి ఏడిపించింది. పొద్దున బాగానే తిరుగుతుంది, పదకొండు దాటితే భారం ఎక్కువైతే కరెంటు కట్ చేసే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి రిలే సెట్టింగ్ కాస్త పైకి తిప్పి వెళ్లాడు, ట్రిప్పింగ్ ఆగిపోయింది, రెండు వారాలకు వైండింగ్ కాలిపోయింది. రివైండింగ్ చేయించి, మిరపకాయలు సగం సగం పోస్తూ లాక్కొచ్చాను. ఈలోగా ఒక షాపులో అడిగితే "10 హెచ్‌పీ వేసేయండి సార్, టెన్షన్ ఉండదు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఎస్పీ రోడ్డులోని ఈ మోటార్ల షాపుకి వచ్చాను, రేటు తగ్గుతుందేమోనని.

కౌంటర్ దగ్గర పెద్దాయన హిందూపురం వైపు మనిషి. నేను 10 అనగానే రేటు చెప్పలేదు. "ఏమేం తిప్పుతావప్పా? అన్నీ ఒక్కసారే తిరుగుతాయా, ఒకటి ఆపి ఒకటా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మిషన్ల మీద రాసున్న హెచ్‌పీలన్నీ కూడితే 9 దాటుతోంది అన్నాను. అది ఒక్కో మిషన్‌కి విడిగా మోటారు పెట్టుకుంటే పనికొచ్చే లెక్క, నీ షాఫ్టు ఎంత లాగుతోందో కొలవాలి అని, మర్నాడు ఒక కుర్రాడిని పవర్ మీటర్ ఇచ్చి పంపాడు. ఐదు వందలు తీసుకున్నారు, తర్వాత బిల్లులో తగ్గించారు.

అంతకుముందు నేను ఆంపియర్లు మాత్రమే చూపించే మామూలు క్లాంప్ మీటర్‌తో చూసుకున్నాను. బెల్టులన్నీ తీసేసి మోటారు ఒక్కదాన్నే ఖాళీగా తిప్పినా 3 ఆంపియర్లు. అదంతా లోడే అనుకున్నాను. ఇండక్షన్ మోటారు ఏ పనీ చేయకపోయినా లోపల అయస్కాంతం నిలబెట్టుకోవడానికి అంత కరెంటు లాగుతుందట, అందుకని ఆంపియర్లు పట్టుకుని హెచ్‌పీ లెక్కేస్తే తప్పుతాం, కిలోవాట్లు చూడాలి. కుర్రాడు బెల్టులు ఒక్కొక్కటే తగిలిస్తూ, మీటర్ చూస్తూ, మా కారం సంచి మీదే పెన్నుతో రాశాడు. ఖాళీ షాఫ్టుతో 0.6 కిలోవాట్లు, డ్రమ్ము 0.4, జల్లెడ 0.4, బ్లోయరు 0.9, కాయ పడుతుంటే పల్వరైజర్ 2.4. మొత్తం 4.7. మావాడు తొట్టిలో గుమ్మరించినప్పుడల్లా 5.5కి ఎక్కి దిగుతోంది. ఇది మోటారు లోపలికి వెళ్లే పవర్, అందులో సుమారు 86 శాతం షాఫ్టు మీదికి వస్తుందనుకుంటే మామూలుగా 4 కిలోవాట్లు, కాయ ఎక్కువ పడితే 4.7. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు, అంటే 5 హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్లకి చేసింది. పాపం, అది రోజంతా తన శక్తికి మించి లాగింది.

బ్లోయరు అంత తినడం నా పుణ్యమే. దుమ్ము బాగా లాగాలని మొన్న సంక్రాంతి తర్వాత దాని పుల్లీ 6 అంగుళాలది తీసి 5.5 వేయించాను. స్పీడు పెరిగింది 9 శాతమే, కానీ ఫ్యాన్‌కి పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 30 శాతం ఎక్కువ లాగుతోంది. ఇది చెప్పి కుర్రాడు నవ్వాడు, నేను నవ్వలేదు.

చివరికి 7.5 హెచ్‌పీ, అంటే 5.5 కిలోవాట్లు. మామూలు లోడు 73 శాతం దగ్గర నిలుస్తుంది, గుమ్మరించినా 86 దాటదు. 10 వేసుంటే సగం లోడు మీద తిరుగుతూ పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) పడిపోయేది, కరెంటు కంపెనీ బెస్కామ్ దగ్గర శాంక్షన్డ్ లోడు (మనకి మంజూరైన పరిమితి) అనవసరంగా పెంచుకుని నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ ఎక్కువ కట్టేవాణ్ణి. స్టార్టర్ గురించి కూడా పెద్దాయన ఒకటికి రెండుసార్లు చెప్పాడు: స్టార్-డెల్టా (మొదట స్టార్ కనెక్షన్‌లో తక్కువ కరెంటుతో మొదలుపెట్టి, తర్వాత డెల్టాకి మార్చేది) పెడితే స్టార్‌లో టార్క్, అంటే తిప్పే బలం, మూడో వంతే ఉంటుంది, పల్వరైజర్‌లో కాయ ఉండగా స్విచ్ వేస్తే షాఫ్టు కదలదు. కాయ పడే గేటు మూసి, బ్లోయరు గాలి దారికుండే డ్యాంపర్ మూసి, డెల్టాకి మారాక తెరవాలి. మా వాళ్లకి నేర్పడానికి వారం పట్టింది.

ఇక కోపం వచ్చిన సంగతి. ఇంత చెప్పినవాళ్లు పుల్లీ సంగతి ఎత్తలేదు. పాత మోటారు ఇరుసు 28 మిల్లీమీటర్లు, కొత్తది 38. పైగా కాళ్ల నుంచి ఇరుసు మధ్యకి ఎత్తు పాతదానికి 112, దీనికి 132. మోటారు దించాక చూస్తే పాత పుల్లీ ఎక్కదు, దాని బోరు (మధ్య రంధ్రం) పెద్దది చేయిద్దామంటే చుట్టూ ఉన్న బొడిపె అంత లావు లేదు, బెల్టులూ సరిపోవు. కొత్త పుల్లీ, బెల్టులు, బేస్ కింద చానల్ మార్చడం, అన్నీ కలిపి రెండు రోజులు పని ఆగింది. ఫోన్ చేస్తే "అది మీ ఫిట్టర్ చూసుకోవాల" అన్నారు. చెప్పుంటే ముందే చూసుకునేవాళ్లం కదా!

మోటారు జీఎస్టీతో కలిపి 27 వేల చిల్లర, ఐఈ3 రకం (కరెంటు తక్కువ వృథా చేసేది), ఆర్‌పీఎం పాతదాని లాగే 1440. రిలే కరెంటు నేమ్‌ప్లేట్ చూసి సెట్ చేయించి, ఆ బాక్సుకి తాళం వేశాను. మూడు నెలలుగా ట్రిప్ లేదు.

వెళ్లేవాళ్లు పదకొండు లోపు వెళ్లండి, తర్వాత ఆ రోడ్డులో ఆటో కూడా ఆగదు. మిషన్ల పుల్లీ సైజులు, ఏవేవి కలిసి తిరుగుతాయో, పాత మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో పట్టుకెళ్లండి. పెద్దాయన మధ్యాహ్నం భోజనం దాకే ఉంటాడు, ఆ తర్వాత కూర్చునే అబ్బాయికి రేట్లు తప్ప ఏమీ తెలియదు.